పడమటి కుంట తొవ్వలో ఒక్కటే వరుస

కుంటలో పూడిక తియ్యాలి. కట్ట కుంగిన చోట మట్టి పోసి రాయి పేర్చాలి. తూముకు కొత్త తలుపు బిగించాలి. నీళ్లొచ్చే కాలువలో పెరిగిన సర్కారు తుమ్మ కొట్టెయ్యాలి. కట్ట కింద బావి తవ్వి, ఊళ్లో ట్యాంకు కట్టి, ఊరికీ వాడకూ నల్లాలు వెయ్యాలి. ఇదంతా మిరుగం కార్తె లోపల, మొదటి వానలు పడకముందే కావాలి.

ఈ పనులన్నీ మంజూరయ్యాయని పడమటి కుంట కట్ట మీద నీలం బోర్డు పాతారు. 2012 ఎండాకాలం అది. సర్పంచుల గడువు తీరి, మళ్లీ ఎన్నికలు లేక, ఊళ్లన్నీ ఆఫీసర్ల చేతిలో ఉన్నాయి. మా ఊరు శంషాబాద్ నుంచి తుక్కుగూడ పోయే దారికి లోపల. నెత్తి మీద విమానం పోతుంటే మాట ఆపి, పోయాక మళ్లీ అందుకోవడం మాకు అలవాటు. బోర్లన్నీ ఎండిపోయి ట్యాంకరు నీళ్లతో బతుకుతున్నాం.

బోర్డు పాతిన కొన్నాళ్లకు టిప్పర్లు వచ్చాయి. పూడిక మోసుకుపోవడానికే అనుకున్నాం. మా ఊరి అనంతమ్మ బర్రెలను తోలుకుని కట్ట ఎక్కి చూసేసరికి, ఒక టిప్పరు వెనక్కి జరిగి, తొట్టి లేపి, కుంటలోకి మట్టి గుమ్మరిస్తున్నది. ఎక్కడో తవ్విన మొరం, పగలగొట్టిన సిమెంటు పెళ్లలు, వాటిలో ఇనుప చువ్వలు.

"ఏందయ్యా, తియ్యనీకొచ్చి పోస్తున్నవ్?" అని డ్రైవర్ని అడిగింది.

"నాకేమెరుకమ్మా. పొయ్యమన్నరు, పోస్తున్న."

గొడుగు కింద కుర్చీలో ఉన్న మనిషిని చూపించాడు. పేరు దశరథం, కాంట్రాక్టరు దగ్గర పని చూసుకునేవాడు. మా పక్క ఊరివాడే.

దశరథం లేవకుండానే చెప్పాడు. "నీళ్లు లేనిది కుంటెట్లయితదమ్మా? సదును చేస్తే ప్లాట్లయితయ్. మీ ఊరికే ఖీమత్ వస్తది."

"నీళ్లు లేవనే గద తవ్వమన్నది."

"ఈమె వకీలున్నట్టున్నదిరో," అని డ్రైవర్ వైపు చూసి నవ్వాడు.

కుంట పూడితే వాన నిలవదు. వాన నిలవకపోతే మా బావుల్లోకి, బోర్లలోకి మళ్లీ నీళ్లు రావు. ఆ సంగతి బర్రెలు కాసే అనంతమ్మకు తెలుసు, దశరథానికీ తెలుసు.

బడి అరుగు మీద మీటింగు పెట్టుకున్నాం. నేను ప్రైవేటు స్కూల్లో పంతులును, మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి, కాబట్టి దరఖాస్తు నన్నే రాయమన్నారు. రాసి మండలాఫీసుకు తీసుకుపోయాను. సారు మీటింగులో ఉన్నాడని తిప్పి పంపారు. మళ్లీ అరుగు మీద కూడినప్పుడు అదే చెప్పాను.

"ఇడిసెయ్యుండ్రి," అన్నాడు కొండల్. "మా పిలగాడు ఆ కాంట్రాక్టరు కాడ వాచ్‌మన్. పని పోతే మీరిస్తరా?"

"నీ పిలగానికి తాగనీకె నీళ్లు దశరథం ఇస్తడా?" అంది అనంతమ్మ.

చివరి మెట్టు మీద యేసమ్మ కూర్చుని ఉంది. ఊరవతల వాడలో ఉంటుంది, ఎయిర్‌పోర్టులో బాత్‌రూములు కడిగే పని. "నేను కడిగే కాడ నల్లా కింద చెయ్యి పెడితే సాలు, దానంతటదే నీళ్లొస్తయ్," అంది. "చెయ్యి తీస్తే ఆగుతయ్. ఆడిదాక పైపొచ్చింది. గీడికెల్లి గాడికి ఎంత దూరం? మనకాడికెందుకు రాదు?"

విమానం పోయింది. అందరం ఆగాం.

"తొవ్వల బిందెలు పెడదాం," అంది అనంతమ్మ.

మా దగ్గర ట్యాంకరు కోసం వరుసలో బిందెలు పెడతారు. పెట్టినామె ఇంటికి పోయి వండుకున్నా, కూలికి పోయినా ఆ జాగా ఆమెదే. జుట్లు పట్టుకుని కొట్లాడుకున్నవాళ్లు కూడా ఒకరి బిందె ఒకరు జరపరు. అయితే వరుసలు రెండు. ఊరి బిందెలు ముందు, వాడ బిందెలు వెనక. ఊరికి నిండాక మిగిలిందే వాడకు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

తెల్లవారి టిప్పర్ల తొవ్వకు అడ్డంగా అట్లాగే పెట్టాం, ముందు ఊరివి, వెనక వాడవి. పెట్టి ఎవరి పనికి వాళ్లం పోయాం. బిందెను జరిపే మనిషిని మేం ఎన్నడూ చూడలేదు. ఇక్కడా ఎవరూ జరపరనే అనుకున్నాం.

సాయంత్రం వచ్చి చూస్తే టిప్పర్లు వాటి మీదుగా పోయి ఉన్నాయి. స్టీలు బిందెలు రొట్టెల్లా అణిగాయి. ప్లాస్టిక్‌వి ముక్కలయ్యాయి. ఊరివేవో వాడవేవో తెలియడం లేదు. మెడకు బ్యాగులకు కట్టే చీటీ పట్టీ చుట్టి ఉన్నది మాత్రం యేసమ్మదని గుర్తుపట్టాం. ఎయిర్‌పోర్టులో పారేసిన పట్టీని ఆమె గుర్తుకు కట్టుకుంది.

"గింత పని చేస్తరనుకోలె," అంది అనంతమ్మ, తన బిందె కోసం వెతుకుతూ.

"మనకు కట్టుబాటున్నదక్కా, గందుకే జరపం. టిప్పరుకేమున్నది?" అంది యేసమ్మ. "ఇగ బిందె పక్కన మనమే కూసోవాలె. కూసుంటే మాత్రం ఒక్కటే వరుస. మీ ఎన్క కూసోను."

"రెండు వరుసలు ఎప్పటికెల్లో ఉన్నయ్," అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

అనంతమ్మ అణిగిపోయిన యేసమ్మ బిందెను తీసి తొవ్వ మధ్యలో అన్నిటికన్నా ముందు పెట్టింది. తనది దొరికాక దాని వెనక పెట్టింది. "ఇగ జరిపేటోళ్లు జరుపుండ్రి," అంది. ఎవరూ జరపలేదు.

మర్నాడు పొద్దున్నే ఊరూ వాడా కలిసి కూర్చున్నాం. నేను బడికి పోలేదు. కొండల్ చాలాసేపు దూరంగా నిలబడి, చివరికి వచ్చి వరుస కొసకు కూర్చున్నాడు. "పిలగాన్ని పనిలకెల్లి తీసేసిండ్రు. నేను నోరు మూసుకున్నా తీసేసిండ్రు," అన్నాడు.

పోలీసు జీపు వచ్చింది, వెనకే దశరథం.

"మీ లీడరెవరు?" అన్నాడు ఎస్సై.

"లీడరు లేడు సారు, వరుసున్నది," అంది అనంతమ్మ.

"వరుసల ముందెవరు?"

"నేనే," అని యేసమ్మ లేచింది. "బిందె నాది."

"పని అడ్డుకుంటే కేసైతది."

"ఏ పని సారు? బోర్డు మీద రాసిన పని చెయ్యమను. నేనే తట్ట మోస్త."

జీపు ఎక్కమన్నారు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నా బిందె జరపకుండ్రి," అంది. జీపు పోయింది. దశరథం చెయ్యి ఊపాడు. టిప్పరు మా మీదికి కదిలింది. అనంతమ్మ పక్కనున్న చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వాడదా ఊరిదా అని చూసుకోలేదు. మేం లేవలేదు. డ్రైవరు బండి ఆపి, దిగి, తాళం దశరథం చేతిలో పెట్టాడు. "బిందెలంటే తొక్కిచ్చిన. గిది నా తోని కాదు," అని నడిచిపోయాడు.

ఇది రాస్తున్న వేళకు యేసమ్మ చంచల్‌గూడ జైల్లో ఉంది. ఎయిర్‌పోర్టు పని పోయింది. మిరుగం దగ్గరికొస్తున్నది, పోసిన మట్టి కుంటలోనే ఉంది. కానీ కొత్త మట్టి పడలేదు. మేం వంతులేసుకుని కూర్చుంటున్నాం. హిమాయత్ సాగర్ వైపు ఊళ్లవాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. ట్యాంకరు దగ్గర ఇప్పుడు ఒక్కటే వరుస. మొదటి బిందె నింపి యేసమ్మ ఇంటికి పంపిస్తాం, తర్వాతే మాకు. సోమవారం ఈ నలిగిన బిందెలన్నీ పట్టుకుని కలెక్టరాఫీసుకు పోతున్నాం. అక్కడ కూడా ముందు ఆమె బిందె ఉంటుంది.

ఇది చదువుతున్న కార్మికులకూ విద్యార్థులకూ ఒక్కటే అడుగుతున్నాను. ఎక్కడన్నా మీ బిందె పెట్టి, ఎవరూ జరపరులే అని ఇంటి దారి పట్టినప్పుడు యేసమ్మను యాది చేసుకోండి. చేసుకుని, తిరిగొచ్చి, బిందె పక్కన కూర్చోండి.