చుక్కగేదె పలుపు

"ముందు ఈ దమ్ము చక్రాలు బయటపడేద్దామండీ. వీటి కిందే పాములుంటాయి" అంది కూలికి వచ్చిన హెప్సిబా, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ.

భానుమతి చావిడి గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. ఒకప్పుడు గొడ్లను కట్టేసిన చావిడి అది. ఇప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఇనుమే. హ్యాండిలు విరిగిన పవర్ టిల్లరు, దానికి విడిభాగాలు పనికొస్తాయని కొన్న మరో పవర్ టిల్లరు, వాటి వెనక ఆయిలింజన్లు, నూర్పిడి మిషను, నోళ్ళు తెరుచుకున్న స్ప్రేయర్లు. అన్నిటికంటే లోపల ఒక బుల్లి ట్రాక్టరు. నూజివీడు వైపు మామిడితోటల్లో తిరిగిన బండి. దివిసీమ వరిచేల బురదలో దిగితే మళ్ళీ లేవదని తెలిసి కూడా దాన్ని కొన్నాడు ఆమె భర్త వెంకటాద్రి. నడిచే బండి ఎదురుగా పోతుంటే తలెత్తి చూసే మనిషి కాదు. మూలపడిన బండి కనిపిస్తే మాత్రం అక్కడే నిలబడిపోయేవాడు. "బంగారంలాంటి ఇంజను. ఒక్క రింగులు మారిస్తే చాలు, కోడూరు చుట్టుపక్కలంతా అద్దెకు తిప్పొచ్చు" అనేవాడు. రింగులు మారిన పాపాన పోలేదు. చావిడి మాత్రం నిండుతూ వచ్చింది.

అలాంటి మనిషి కిందటివారం అన్నం తింటూ, "చావిడి ఖాళీ చేసేద్దామే" అన్నాడు. గుడివాడలో పాత ఇనుము కొనే శ్యాంబాబుతో మాట్లాడానని, లారీ వస్తుందని, ఈలోగా కూలికి ఎవర్నైనా పిలుచుకుని అన్నీ బయటికి లాగించి పెట్టమని చెప్పాడు. భానుమతి చేతిలో పప్పు గరిటె అలాగే ఉండిపోయింది.

"మరి ఖాళీ అయిన చావిడి?"

"చావిడికేం, నీదే. గేదెనే కట్టుకుంటావో, దాని పక్కన నువ్వే పక్కేసుకుంటావో నీ ఇష్టం."

తన మాటకు తనే నవ్వుకున్నాడు. అత్తగారు వెంకటరత్నమ్మ కూడా నవ్వింది. ఎగతాళిని ఏరి పక్కన పెట్టి పనికొచ్చే మాట ఒక్కటే తీసుకోవడం ఈ ఇంట్లో భానుమతి నేర్చుకున్న విద్య. 'నీదే' అన్నాడు. పెళ్ళయి వచ్చాక ఈ ఇంట్లో ఏ వస్తువునూ చూపించి ఆమెతో ఎవరూ ఆ మాట అనలేదు. మర్నాడే కోడూరు వెళ్ళి గూడూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. "చుక్క తల్లి సంతతిలో పెయ్య ఒకటి ఉందక్కా. చూడి కట్టింది. చావిడి ఖాళీ కాగానే చెప్పు, నేనే తోలుకొస్తా" అన్నాడు వాడు. ఫోన్ పెట్టేశాక బస్టాండులో జనం మధ్య నిలబడి భానుమతి కళ్ళు తుడుచుకుంది.

చుక్క ఆమెతోపాటే ఈ ఇంటికి వచ్చింది. కాపురానికి పంపుతూ నాన్న, నుదుట తెల్లమచ్చ ఉన్న పెయ్యను వెంట ఇచ్చాడు. అది ఈని, పాడి మొదలయ్యాక భానుమతి చేతికి సొంత డబ్బంటూ తెలిసింది. అయితే ఆ డబ్బు కంటే ఎక్కువైనది ఇంకొకటి ఉంది. కొత్తకోడలికి ఏడవాలనిపిస్తే ఏ ఇంట్లోనూ చోటుండదు. వంటింట్లో ఏడిస్తే అత్తగారు చూస్తుంది, గదిలో ఏడిస్తే మొగుడు విసుక్కుంటాడు. పాలు పితికేటప్పుడు మాత్రం తల గేదె డొక్కకు ఆనించి ఎంతసేపు కూర్చున్నా ఎందుకని ఎవరూ అడగరు. చుక్క నెమరు వేస్తూ నిలబడేది. ఆ వెచ్చటి డొక్కకు నుదురు ఆనించి భానుమతి ఎన్ని కన్నీళ్ళు కార్చిందో చావిడికి తెలుసు.

తమ్ముడి పెళ్ళికని వెళ్ళి తిరిగొచ్చేసరికి చుక్క కట్టుకొయ్య దగ్గర మొదటి పవర్ టిల్లరు నిలబడి ఉంది.

"చూడి నిలవట్లేదుగా, తిండి దండగ. మంచి బేరం వచ్చింది, ఇచ్చేశా" అన్నాడు వెంకటాద్రి.

"అది మా నాన్న నాకిచ్చింది. నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమండీ?"

"చెప్తే ఇవ్వనిచ్చేదానివా? గేదె ఎక్కడికి పోతుందే, మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇలాంటి బండి మళ్ళీ దొరుకుతుందా?"

అప్పుడు వెంకటరత్నమ్మ ఒక్కతే కోడలి పక్కన కూర్చుని వీపు నిమిరింది. "ఏడవకే అమ్మాయ్. గొడ్డు పోతే పోయింది, పలుపు ఇవ్వలేదు. నేనే విప్పి దూలానికి కట్టా" అంది. గొడ్డును అమ్మినా దాని మెడతాడును అమ్మకూడదు. కొన్నవాడు తన తాడు తను తెచ్చుకోవాలి. పలుపు గడప దాటితే ఇంట్లో పాడి దాని వెనకాలే పోతుందని ఈ చుట్టుపక్కల అందరి నమ్మకం. వెంకటరత్నమ్మకు అది నమ్మకం కూడా కాదు, కళ్ళారా చూసిన నిజం. ఉప్పెనలో ఆమె గొడ్లన్నీ కొట్టుకుపోయాయి. చూరులో చిక్కుకున్న పలుపు ఒక్కటి మిగిలింది. దాన్ని దాచుకున్నాకే మళ్ళీ ఇంట్లో పాలు పొంగాయని చెప్పేది. ఆ మాట పట్టుకునే భానుమతి ఇన్నేళ్ళూ బతికింది. తాడు ఉంది కాబట్టి గేదె వస్తుంది. పిచ్చి ఆశే. కానీ అదీ లేకపోతే ఆ ఇంట్లో పొద్దున్నే లేవడానికి ఇంకేం కనిపించేది కాదు.

మధ్యాహ్నానికి చక్రాలూ స్ప్రేయర్లూ బయటపడ్డాయి. హెప్సిబా గునపంతో ఎత్తి పడుతుంటే భానుమతి వెదురు బొంగులు కింద దూర్చేది, ఇద్దరూ కలిసి ఇంజన్లను దొర్లించేవారు. అరచేతులు బొబ్బలెక్కాయి. వెంకటాద్రి ఒకసారి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఆ పంపు జాగ్రత్త, రాయిలాంటి పంపు" అని చెప్పి వెళ్ళాడు. వెంకటరత్నమ్మ అరుగు మీద నుంచి, "ఆడముండలు ఇనుము మొయ్యడమేంటో, చోద్యం కాకపోతే" అని, ఆ వెంటనే, "కాఫీ వేళైంది, చూసుకున్నావా?" అని కేకేసింది. భానుమతి చేతులు కడుక్కుని కాఫీ పెట్టి ఇచ్చి వచ్చింది. గ్రీజు వాసన కాఫీకి పట్టిందని అత్తగారు గ్లాసు సగంలో వదిలేసింది.

పనికంటే గుడ్డలే ఆమెను ఎక్కువ కుంగదీశాయి. ప్రతి ఇంజను కిందా, ప్రతి సీటు కిందా నూనె పీల్చి నల్లగా గట్టిపడిన పీలికలు. మొదట పారేస్తూ పోయింది. తర్వాత ఒకదాని అంచు గుర్తుపట్టింది. కూతురు హిమబిందు బారసాలకు కట్టుకున్న బందరు నేత చీర. ఇంకొకటి అమ్మ పెట్టిన గళ్ళ చీర. "నూలు చీరైతే నూనె బాగా పీలుస్తుందే" అంటూ దండెం మీద నుంచి లాక్కెళ్ళేవాడు. పాతదో మంచిదో చూసేవాడు కాదు. పోనీలే, ఇంట్లో పనికేగా అనుకునేది. తుఫాను కబురు రాగానే ఇంట్లో ఉన్న ఒక్క టార్పాలిన్ ఇంజన్ల మీదికి పోయేది. కారే వంటింటి కప్పు కింద గిన్నెలు పెట్టుకుని ఆమె వంట చేసేది. వాన వెలిశాక ఆ తుప్పునంతా తుడిచేదీ ఆమే. దసరా వస్తే ఒక్కొక్కదానికీ పసుపు రాసి, బొట్టు పెట్టి హారతివ్వాలి. "ఆగిపోయినా లక్ష్మేనే. బొట్టు లేకుండా ఉంచకూడదు" అనేవాడు. పాలిచ్చే చుక్కకు ఏనాడూ పూజ చెయ్యమనలేదు. ఇప్పుడు ఆ పీలికలన్నీ కుప్పగా పడి ఉంటే భానుమతికి తన బతుకంతా ఎవరో చింపి నేల మీద పోసినట్టనిపించింది. చెయ్యి వెయ్యలేక కూర్చుండిపోయింది.

"లేవండి భానమ్మగారూ" అంది హెప్సిబా మెల్లిగా. "కట్టుకొయ్య కనిపించింది చూడండి."

నిజమే. ఆఖరి ఇంజను జరగగానే కట్టుకొయ్య, దాని పక్కన కుడితి గోలెం బయటపడ్డాయి. పైన దూలానికి పలుపు అలాగే వేలాడుతోంది. చుక్క మెడ ఒరిపిడికి నున్నబడిన చోటు ఇంకా తెలుస్తోంది. భానుమతి దాన్ని విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. చుక్క వాసన లేదు, డీజిలు వాసనే. అయినా గుండెకు హత్తుకుంది.

ఆ సాయంత్రం హెప్సిబా తన పెయ్య పేడ తట్టతో తెచ్చింది. ఇద్దరూ నేలంతా అలికారు. గోలెం కడిగి నీళ్ళు పోశారు. మర్నాడు భానుమతి ఒక్కతే గోడలకు సున్నం కొట్టింది. బుల్లి ట్రాక్టరు ఒక్కటీ లారీ మనుషుల కోసం వెనక మూల మిగిలింది. కట్టుకొయ్య వైపు తెల్లగా మెరిసిపోతున్న జాగా చూసి ఆమెకు ఎందుకో భయం వేసింది. మంచి జరగబోతుంటే ఆమెకెప్పుడూ భయమే.

లారీ వచ్చింది. ఖాళీగా రాలేదు. వెనకాల తుప్పుపట్టిన మోటార్లు, నీలం రంగు ప్లాస్టిక్ రెక్కల చక్రాలు పైదాకా నింపి ఉన్నాయి. శ్యాంబాబు పక్క సీట్లోంచి వెంకటాద్రి చిన్నపిల్లాడిలా దూకాడు.

"ఇవేంటండీ?" అంది భానుమతి.

"ఏరేటర్లు. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే మిషన్లు. పాలకాయతిప్ప దగ్గర ఎవరో చెరువులు ఎత్తేశారు. మన ఇనుమిచ్చి ఇవి మార్చుకున్నా. జేబులోంచి పైసా తియ్యలేదు తెలుసా! నాలుగు మోటార్లకి వైండింగ్ చేయిస్తే చాలు, చెరువులోళ్ళు మన గుమ్మం ముందు నిలబడాలి."

"మరి చావిడి?"

"భలే శుభ్రం చేసి పెట్టావే! ఎక్కడ దింపించాలా అని దారంతా అదే ఆలోచన నాకు."

"నాదన్నారు."

వెంకటాద్రి లోడు దించే మనుషులకు చేత్తో దారి చూపిస్తున్నాడు. ఆ మాట అతనికి వినిపించలేదు. ఆమె మళ్ళీ గట్టిగా అంది, "తమ్ముడు పెయ్యని పంపిస్తానన్నాడండీ. చావిడి నాదే అన్నారు మీరు."

"అబ్బ, నీదే, కాదన్నానా? నీ ఇల్లు కాదా ఇది? పెయ్య ఎక్కడికి పోతుందే, వచ్చే ఏడు చూద్దాం. ఇలాంటివి మళ్ళీ దొరుకుతాయా?"

అవే మాటలు. చుక్కను అమ్మిననాటి మాటలే. అతనికి గుర్తుకూడా లేదు. కోపం వస్తుందేమోనని భానుమతి కాసేపు ఎదురుచూసింది. రాలేదు. లోపల ఏదో నీళ్ళింకిన మడిలా అయిపోయింది. రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే, ఏరేటర్లు పోతే ఇంకొకటి వస్తుంది. తన కోసం ఈ ఇంట్లో ఏ మూలా ఎప్పటికీ ఖాళీ అవదు. సున్నం కొట్టిన గోడకు మొదటి మోటారు ఆనించారు. నల్లటి గీత పడింది.

"ఎల్లుండి దసరా, గుర్తుందిగా" అంటున్నాడు వెంకటాద్రి. "ఈసారి వీటికి పెడుదువుగాని బొట్టు. అన్నట్టు, పాత చీర ఉంటే తే, బురద తుడవాలి. నూలుది చూడు."

భానుమతి వంగి తను కట్టుకున్న చీర చూసుకుంది. నూలుదే. ఇంట్లోకి వెళ్ళలేదు. తిన్నగా చావిడిలోకి వెళ్ళి, మోటార్లు మోసేవాళ్ళ మధ్య నుంచే దారి చేసుకుని, కట్టుకొయ్యకు తగిలించిన పలుపు తీసుకుంది. దొడ్డి గేటు దగ్గర హెప్సిబా కూలి కోసం నిలబడి ఉంది.

"నీ పెయ్య ఈనడానికి వచ్చిందన్నావుగా. ఇది కట్టు" అని ఆమె చేతిలో పెట్టింది.

హెప్సిబా బెదిరిపోయింది. "మాకా పట్టింపుల్లేవు గానీ, మీ ఇంట్లో ఊరుకోరండీ. పెద్దమ్మగారు చూస్తే..."

పెద్దమ్మగారు చూడనే చూసింది. అరుగు మీద నుంచి పరుగులాంటి నడకతో, పమిట జారిపోతున్నా పట్టించుకోకుండా వచ్చింది. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ. "ఏమే, నీకేమన్నా మతి పోయిందా? పలుపు ఎవరైనా ఇస్తారటే? ఉప్పెనలో కూడా వదల్లేదే నేను! పోతుందే, పాడి అంతా దాని వెనకే పోతుంది!"

హెప్సిబా పలుపును తిరిగి ఇవ్వబోయింది. భానుమతి ఆమె వేళ్ళు ముడిచి, తాడును ఆ గుప్పిట్లోనే ఉంచి, గేటు తనే తెరిచి పట్టుకుంది.

"పోనివ్వండి అత్తయ్యా" అంది. "ఈ ఇంట్లోంచి పోగలిగినదాన్నైనా పోనివ్వండి."