ఖాళీ గ్లాసు మర్యాద

సీసాను ఎక్కడ పెట్టాలన్న గొడవ మూడో రోజుకొచ్చింది.

మొదటిరోజు అది బియ్యం డబ్బాలో ఉంటే, కొలవబోయిన అత్తగారి చేతికి తగిలింది. రెండోరోజు వాషింగ్ మెషీన్ వెనక్కి చేరింది. అక్కణ్ణుంచి ఆడపడుచు దాన్ని తీసి, తుడిచి, భోజనాల బల్ల మీద నీళ్ళ జగ్గు పక్కన నిలబెట్టింది. ఇప్పుడు అత్తగారు దాని మీద తువ్వాలు కప్పి కాపలా కూర్చున్నారు.

"కప్పితే ఇంకా బాగా కనిపిస్తోందమ్మా," అంది ఆడపడుచు.

"తీసెయ్ ముందు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇంటికొచ్చినవాళ్ళు జగ్గు చూస్తారా, దీన్ని చూస్తారా?"

"ఆయన మన ఇంటికి తొలిసారి పంపిన బహుమానం అది. వాళ్ళలో అలాగే పంపుకుంటారు."

"మనలో పంపుకోరుగా."

"పోనీ నాకివ్వండి. నేను చూసుకుంటా," అన్నాడు అత్తగారి కొడుకు, పేపర్లోంచి తలెత్తకుండా.

"నువ్వెలా చూసుకుంటావో మాకు తెలుసులే," అన్నారు అత్తగారు. అని, కోడలి వైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మాయ్. తాగుడు సంగతి ఈ ఇంట్లో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

కోడలు చేతిలో ఉన్న చొక్కా మడత పెట్టడం ఆపింది. వీధి చివర లాండ్రీ ఆమెదే. ఆడపడుచు పిలవగా పిలవగా వీధి మొత్తానికీ ఆమె 'లాండ్రీ వదిన' అయిపోయింది. కాలర్ వాసన చూసి ఎవరు ఏ బ్రాండు సిగరెట్టు తాగుతారో, మరక చూసి ఎవరు ఎక్కడ తూలారో చెప్పగలదు. తాగుడు గురించి ఆమె మాటకు ఇంట్లో ఎదురులేదు. దానికి కారణం లాండ్రీ కాదు, ఆమె తండ్రి. ఆయన తాగి తాగి పోయాడు.

ఆ సీసా పంపిన మనిషిని అత్తగారు 'బాయిలరాయన' అంటారు. ఆడపడుచు ఆసుపత్రిలో కత్తులూ కత్తెరలూ ఆవిరిలో శుద్ధి చేసే గదిలో పని చేస్తుంది. అక్కడ బాయిలర్లు బిగించడానికి ఆయన వేరే దేశం నుంచి రెండేళ్ళ కిందట వచ్చాడు. ఆయనకు భార్య లేదు. ఈమెకు భర్త పోయి తొమ్మిదేళ్ళు. నలభై నాలుగేళ్ళ వయసులో ఆడపడుచు ఇంటికొచ్చి, "నేను పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాను," అని చెప్పినప్పుడు అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు గానీ, నెల తిరిగేసరికి ఒక్కొక్కరే మెత్తబడ్డారు. దేశం వేరైతేనేం అన్నారు. ఆయన ఇక్కడే ఉండిపోతానన్నాడు కాబట్టి అదీ తేలిపోయింది. మిగిలింది ఒక్క తాగుడే. ఆయన తాగుతాడు. దాచకుండా, అడిగితే చెప్పి మరీ తాగుతాడు.

"వదిన సరే అంటేనే," అంది ఆడపడుచు. "తను వద్దంటే మానేస్తాను."

అలా ఆ బరువు వదిన నెత్తిన పడింది.

ఆమెకు ఆయన సంగతి బొత్తిగా తెలియక కాదు, ఆయన చొక్కాలు తన కొట్టుకే వస్తాయి. రెండు నెలలుగా ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తోంది. నూనె వాసన, ఇనుము వాసన, సబ్బు వాసన. అంతే. తాగుబోతు చొక్కా ఏదీ అన్నాళ్ళు అబద్ధమాడదు. కానీ తాగుతానని ఆయనే చెబుతున్నాడు. చొక్కాను నమ్మాలో మనిషిని నమ్మాలో ఆమెకు పాలుపోలేదు.

"ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచాడుగా, వెళ్దాం," అంది చివరికి. "కళ్ళతో చూస్తే తేలిపోతుంది."

కళ్ళతో చూడటమే కొంప ముంచింది.

ఆసుపత్రి క్వార్టర్సులో మూడో అంతస్తు, రెండు గదులు. గుమ్మం పక్కన బూట్లు వరసగా, కిటికీలో రెంచీలు కొలతల ప్రకారం చిన్నవీ పెద్దవీ. అత్తగారు మోకాళ్ళ నొప్పి వంకతో రాలేదు. వదిన కూతురికి పరీక్షలు. వెళ్ళింది వదిన, ఆమె భర్త, ఆడపడుచు ముగ్గురే. బాయిలరాయన స్వయంగా చేప వండాడు. బల్ల మధ్యలో ఎర్రటి ద్రాక్ష సారా సీసా. పట్టపగలు, పన్నెండున్నరకి, కిటికీ తెరలు కూడా వేయకుండా.

"వదినగారూ, మీకు పండ్ల రసం," అన్నాడాయన. అంతా ఆడపడుచు నేర్పిన మాటలే, కాస్త నత్తినత్తిగా.

ఆయన తన గ్లాసులో కొంచెం పోసుకున్నాడు. ఆమె భర్త గ్లాసులో నిండుగా పోశాడు. భర్త మొహమాటంగా ఆమె వైపు చూసి, కషాయం తాగినట్టు గటగటా తాగేసి గ్లాసు కింద పెట్టాడు. గ్లాసు బల్లకు తగిలీ తగలకముందే ఆయన మళ్ళీ నింపాడు. ఈయన మళ్ళీ ఖాళీ చేశాడు. ఆయన మళ్ళీ నింపాడు. బాయిలరాయన గ్లాసులో మాత్రం మొదట పోసుకున్నదే ఇంకా ఉంది. ఒక ముద్ద తిని, ఒక గుక్క తాగి, కబుర్లు చెబుతున్నాడు.

'వీడు తాగడు, తాగిస్తాడు,' అనుకుంది వదిన. ఆ మాట అనుకోగానే ఇంకో సంగతి గమనించింది. తన గ్లాసులోనూ అదే జరుగుతోంది. ఇది నాలుగో గ్లాసు పండ్ల రసం. తాగేసినప్పుడల్లా నిండుతోంది. కడుపు తిత్తిలా ఉబ్బిపోయింది. పరాయి ఇంట్లో పోసింది వదిలిపెడితే తప్పని ఐదోది కూడా కళ్ళు మూసుకుని మింగింది. ఆయన ఆదుర్దాగా ఆరోది పోశాడు. ఆయన మొహానికి చెమట కూడా పట్టింది. పైగా సీసా అడుగుకొస్తుంటే, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు, అప్పుడే వంటగదిలోంచి వచ్చిన ఆడపడుచు వైపు చూస్తున్నాడు.

నాలుగో గ్లాసుకు భర్తకు లోకమంతా చుట్టాలే అయిపోయారు.

"బావగారూ," అన్నాడు, ఇంకా కాని పెళ్ళికి వరస కలిపేస్తూ. "ఇలా కూర్చుని తాగడం నాకిదే మొదలు. మా ఇంట్లో నేను మేడ మీద, వాటర్ ట్యాంకు వెనక. స్టీలు గ్లాసులో. దిగేముందు ఒక యాలక్కాయ. పదహారేళ్ళుగా ఒక్కరికీ తెలీదు."

"అందరికీ తెలుసన్నయ్యా," అంది ఆడపడుచు.

"తెలుసు. కానీ ఎవరూ చూళ్ళేదు. అది మర్యాద."

నవ్వుతాడనుకున్న బాయిలరాయన నవ్వలేదు. చేతిలో సీసాకు బిరడా పెట్టి, తీసుకెళ్ళి అలమారలో పెట్టేశాడు. నీళ్ళు తెచ్చి భర్త ముందు పెట్టాడు. అప్పటిదాకా వెలుగుతున్న బాయిలరాయన మొహం దీపం తగ్గించినట్టయింది.

ప్లేట్లు అందుకుని వదిన వంటగదిలోకి వెళ్ళింది. వెనకే ఆయన వచ్చాడు.

"వదినగారూ, ఆయన్ని ఎవరికైనా చూపించారా? డాక్టరుకి?"

"ఎందుకు?"

"పదహారేళ్ళు. దాచుకుని. ఒక్కడే."

ఆమెకు ఒళ్ళు మండింది. "దాచుకోవడం కాదండీ. పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్న ఇల్లు. సిగ్గుంది కాబట్టి పైకెళ్ళి తాగుతారు. మా నాన్న కూడా సిగ్గున్నన్నాళ్ళు వెనక వరండాలోనే తాగాడు. ఉద్యోగానికి వెళ్ళేవాడు, నాకు జడ కూడా వేసేవాడు. ఒకరోజు సీసా తెచ్చుకుని ముందు గదిలో, మా అందరి ఎదుట కూర్చున్నాడు. ఇప్పుడు మీరు కూర్చున్నట్టే. ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికాడు."

ఆయన తడి ప్లేటు తుడిచి పక్కన పెట్టాడు. మాటలు వెతుక్కుంటున్నాడని తెలుస్తోంది.

"మా అన్న అందరి ముందూ తాగేవాడు," అన్నాడు చివరికి. "ఇరవై ఏళ్ళు. మా అమ్మ పోసేది, మా నాన్న పోసేవాడు. ఏమీ కాలేదు. తర్వాత పనిముట్ల పెట్టెలో సీసా కనిపించింది. ఒక్కడే, షెడ్డులో. అప్పట్నుంచి రెండేళ్ళే ఉన్నాడు."

ఎవరు చూసిన చావు వాళ్ళ దగ్గరుంది. ఒకదాన్ని రెండోదానితో కలిపి చూస్తే లెక్క కుదరడం లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆమె కూడా చెప్పలేదు.

తిరిగొచ్చే దారిలో భర్త ఆటోలో ఒక మూలకు జారి నిద్రపోయాడు. ఆడపడుచు చీర కొంగు నలుపుతూ కూర్చుంది.

"తప్పు నాదే వదినా. ముందే చెప్పాల్సింది. వాళ్ళలో అతిథి గ్లాసు ఖాళీగా కనబడితే ఇంటివాళ్ళకి తలవంపులట. చాలనుకుంటే నిండుగా వదిలెయ్యాలి. అప్పుడు ఇంక పొయ్యరు."

"నిండుగా వదిలేస్తే వాళ్ళు పెట్టింది నచ్చలేదన్నట్టు కాదూ?"

"మనకి అలాగ. మా అమ్మ పెంపకంలో మెతుకు వదిలితే వీపు మోగేది. అందుకే అన్నయ్య అడుగంటా తాగుతూ పోయాడు. ఆయనేమో, ఈయనకి ఇంత దాహమా అని భయపడి పోస్తూ పోయాడు. నేను వంటగదిలోంచి వచ్చేసరికే మూడయ్యాయి."

"నా రసం కూడా అంతేనా?"

"నీకు ఆ పండంటే ప్రాణమనుకున్నాడు. వచ్చేవారం బుట్టెడు పంపుతాడట."

వదినకు నవ్వు రాబోయి సగంలో ఆగిపోయింది. తాగించాడనుకున్నది మర్యాద చేయడమట. మర్యాదనుకున్నది రోగమట. ఏది ఎవరి కొలత ప్రకారం చూడాలి? ఆయన చుక్కతో సరిపెట్టుకున్నాడు, అదీ నలుగురి ఎదుట. ఈయన నాలుగు గ్లాసులు పట్టించాడు, అదీ పెద్దమనిషి తరహాలో. ఇందులో తాగుబోతు ఎవరు?

మర్నాడు పొద్దున భర్త కళ్ళద్దాల దుకాణంలో పనికి వెళ్ళాక ఆమె మేడెక్కింది. దుప్పట్లు ఆరెయ్యడానికి రోజూ ఎక్కే మేడే. అయినా పదహారేళ్ళలో ట్యాంకు వెనక్కి ఒక్కసారీ తొంగి చూడలేదు. చూడకపోవడం తన వంతు మర్యాద. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పిల్లికి తోడు ఇంటివాళ్ళూ కళ్ళు మూసుకున్నారు.

ట్యాంకు వెనక ఒక గోనె సంచి ఉంది, మూతి కట్టి. విప్పింది. సీసాలు. చిన్నవి, చేతిలో ఇమిడేవి. కొన్నింటి మీద దుమ్ము మందంగా ఉంది, కొన్నింటి మీద అసలు లేదు. శనివారానికొకటని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ సంచి చూస్తే శనివారాలకు సరిపడేలా లేదు. కానీ ఎన్నేళ్ళవో, ఎన్ని నెలలవో ఎలా చెప్పడం? పాత సామాన్ల వాడికి ఎప్పుడు వేశాడో, అసలు వేశాడో లేదో. మరకలు చూసి మనుషుల్ని చెప్పే ఆడది, ఆ సంచి ముందు గొంతుక్కూర్చుని, తన మొగుడు వారానికి ఒకరోజు తాగుతాడో ఏడు రోజులూ తాగుతాడో తెలియక బిత్తరపోయింది.

ఈయన చొక్కాలు కూడా ఎప్పుడూ శుభ్రంగానే ఉండేవి. యాలకుల వాసన తప్ప.

భయం వేసింది. బాయిలరాయన చెప్పింది నిజమనిపించినందుకు కాదు. నిజమో కాదో చూసుకునే దారి తనే మూసేసుకున్నందుకు. సంచి మూతి కట్టి, దుప్పట్లు ఆరేసి కిందికి దిగింది. లాండ్రీలో ఆరోజు రెండు లుంగీలకు అనవసరంగా గంజి పెట్టింది.

సాయంత్రం టీ వేళకి అందరూ బల్ల చుట్టూ చేరారు. అత్తగారు, డిగ్రీ చదివే కూతురు, ఆడపడుచు, భర్త. ఆయనకింకా తలనొప్పి తగ్గలేదు. ఎవరి కళ్ళలోకీ చూడడం లేదు. వదిన అందరికీ టీ పోసింది. ఆఖరికి తనూ కూర్చుంది.

"నిన్నటిది చూశావుగా," అన్నారు అత్తగారు. "ఏమంటావు?"

"నాకేం అర్థం కాలేదత్తయ్యా."

"అర్థం కాకపోతే వద్దనేసెయ్. గొడవ వదులుతుంది."

ఆడపడుచు కప్పు కింద పెట్టేసింది.

"అర్థం కాకుండానే చెబుతున్నాను," అంది వదిన. గొంతు పెంచకుండా ఆడపడుచు వైపు తిరిగింది. "ఆయనెంత తాగుతాడో నేను చూశాను. నీ పెళ్ళికి నా వైపు నుంచి సరే అని ఆయనతో చెప్పమ్మా."

ఆడపడుచు ఏదో అనబోయింది. వదిన చెయ్యెత్తి ఆపి భర్త వైపు తిరిగింది.

"మీరెంత తాగుతారో నాకు తెలీదు. ఇవాళ ట్యాంకు వెనక చూశాను. ఇక నుంచి మేడ మీద వద్దు. తాగితే ఇక్కడే, ఈ బల్ల దగ్గర, మా అందరి ఎదుట తాగండి. ఎంతో నేను చూడాలి. ఎక్కువనిపిస్తే డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం."

"పిల్ల ముందా?" అన్నాడు భర్త, మెల్లగా.

"పిల్ల ముందే," అంది వదిన. ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకునే ఉన్నాయి.