నల్ల టేపు చుట్టిన గొట్టం

బావ చనిపోయిన నెలకు అక్క ఆయన పాత కారును మెకానిక్ అయిన తమ్ముడి షెడ్డుకు తెచ్చింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజిన్ ఎగిరెగిరి పడి ఆగిపోతోంది. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా వెనకవాళ్ల చేత తిట్లు తింది.

మెకానిక్ బానెట్ ఎత్తాడు. "డొక్కు బండి" అని నలుగురిలో తాను వేళాకోళం చేసిన రోజు నుంచి బావ ఈ షెడ్డు గడప తొక్కలేదు, మాటా కలపలేదు.

కాలు తీసినప్పుడు ఇంజిన్‌కు గాలి అందించే ఐడిల్ వాల్వు విప్పి, మసి కడిగి బిగించాడు. తేడా లేదు. ఎక్కడో పక్కదారిన గాలి లాగుతోందనిపించి, ఇంజిన్ నడుస్తుండగానే గొట్టాల వెంట క్లీనర్ స్ప్రే కొట్టుకుంటూ వెళ్లాడు. ఇంజిన్ వెనక ఒకచోట కొట్టగానే దాని వేగం మారింది; గాలి దూరేది అక్కడే. బండి ఆపి, చెయ్యి దూర్చి లాగితే వేలెడంత రబ్బరు గొట్టం వచ్చింది. దాని పగులు మీద పొర మీద పొరగా చుట్టిన నల్ల టేపు వేడికి కరిగి ఊడిపోయి ఉంది.

"ఇది ఎవరు చుట్టారక్కా?"

"మీ బావే. ఎన్ని ఆదివారాలు ఆ బండిలో తల దూర్చి కూర్చున్నారో! తమ్ముడి దగ్గరికి వెళ్లొచ్చుగా అంటే, 'వాడు మళ్లీ నవ్వుతాడే' అనేవారు."

అలాంటి గొట్టాలు షెడ్డులో మేకుకు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఒకటి కోసి తొడిగి బండి స్టార్ట్ చేస్తే, ఇంజిన్ నిలకడగా, మెత్తగా తిరగసాగింది. నవ్వడానికి ఏముంది? బండి జబ్బును బావ సరిగ్గానే కనిపెట్టాడు. ఆ మాట ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియక, మెకానిక్ నడుస్తున్న ఇంజిన్ ముందే చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

"బాగైంది కదరా, ఇంక ఆపెయ్," అంది అక్క.