కాలని మట్టి

లేకపోతే ఆ నీలం రంగుపొడి డబ్బా మూత బోర్లించి ఎందుకుంటుంది? తాను ఎప్పుడూ బిగించే పెడుతుంది. పళ్లేలకు రంగు వేసిన రోజు షెడ్డులో ఉన్నది అనురాధ ఒక్కతే. "నువ్వు జరసేపు పండుకో అక్కా, మిగిలినయి నేనేస్త" అంది. అంత ప్రేమ ఎందుకు?

కృపారాణి బట్టీ ముందు కూర్చుని అదే ఆలోచిస్తోంది. రాతిపొడిని పిండిలా కలిపి నీలం పూల పళ్లేలు చేసి కాల్చడం, జైపూర్‌లో ఎనిమిదేళ్లు కూలి చేస్తూ నేర్చుకున్న పని ఇది. కోరుట్లలో ఈ రేకుల షెడ్డు వేసుకుంది. బొమ్మలు వేయడానికి సిరిసిల్ల నేతింటి అనురాధ వచ్చింది. చీర అంచు పూలను పళ్లేల మీదికి దించుతుంది. జగిత్యాల హోటల్‌వాళ్లు చేయమన్న ఈ పళ్లేలే వాళ్లిద్దరికీ మొదటి పెద్ద పని.

నీలానిచ్చే పొడీ నలుపే, ఆకుపచ్చనిచ్చే పొడీ నలుపే. కాలేదాకా తేడా తెలియదు. ఖరీదైన నీలం పొడి దాచుకుని రెండోది పూసిందేమో. సిరిసిల్లలో సొంత బట్టీ పెడుతుందని ఎవరో అన్నారు. అన్నారా, తానే అనుకుందా?

మంట ఆపి ఒక్కరోజే అయింది. మూడు రోజులు చల్లారాలి. ముందే గాలి తగిలితే పూత చిట్లుతుంది. అనురాధకు ఆ మాట నేర్పింది తానే.

బట్టీ లోపలికి చూసే కన్నానికి అడ్డంగా ఉన్న ఇటుకను లాగి, ఫోన్ వెలుతురు వేసింది. నీలం. మచ్చలేని నీలం. అంతలోనే లోపల టిక్కుమంది. మళ్లీ టిక్కుమంది. ఇటుకను తోసేసి, చుట్టూ తడిమట్టి మెత్తింది.

మూడో రోజు ఇద్దరూ బట్టీ విప్పారు. పై వరస పళ్లేలన్నీ పగుళ్లే.

అనురాధ ఒకటి తీసి వేలితో తడిమింది. "నీ జైపూర్ సారు చూస్తే నన్నే బట్టీల పెడ్తుండె" అని నవ్వబోయి ఆగిపోయింది. "నేనే పిండిల జిగురు తక్కువేసిన్నేమో అక్కా. గిన్నె దొరకక మూతల్నే రంగు కలిపిన, దాంతోటేమన్న అయిందా? నాకు గీ పని రాదు. మళ్ల బట్ట నేసే సాంచెల కాడికే పోత."

చూశావా, పోవడానికి సాకు దొరికింది. ఇప్పుడు కూడా ఆ ఆలోచనే ముందొచ్చింది. కృపారాణికి తన మీద తనకే భయం వేసింది. ఊరుకుంటే చాలు, తప్పు అనురాధదై వెళ్లిపోతుంది.

బట్టీ గోడలో అన్ని ఇటుకల మధ్యా మట్టి ఎర్రగా కాలి గట్టిపడింది. ఒక్క ఇటుక చుట్టూ మాత్రం పచ్చిమట్టి. అందులో తన నాలుగు వేళ్ల గుర్తులు.

కృపారాణి ఆ ఇటుకను ఊడదీసి అనురాధ చేతిలో పెట్టింది.