ఆ గీత అలాగే ఉండనీ

మే నెలలో గేటు స్తంభానికి కారు తగిలిన రోజు నుంచి మార్సలి తాళాలు దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. దొంగల భయం బారవిక్‌లో లేదు. ఆ ఊళ్లో తలుపులకు గడియలే వేసుకోరు. భయమల్లా కన్నకొడుకు టోర్మోద్‌తోనే.

తప్పు ఆమెది కాదు, మెడది. చలికాలంలో పట్టేసిన మెడ వేసవి వచ్చినా వదల్లేదు. ఆ మెడతో ముందుకు ఎంత దూరమైనా పోతుంది గానీ వెనక్కి బెత్తెడు తీయలేదు. ఇంటి ముందు గేటు, గేటు పక్క రాతి స్తంభం. ఒక పొద్దున వెనక్కి తీస్తుంటే కిర్రుమంది. ఆ చప్పుడు ఊరంతా విన్నట్టే టోర్మోద్ కూడా విన్నాడు. కారు మీద పడిన గీతకు రంగు వేయించాడు గానీ మాట మాత్రం వదల్లేదు.

"అమ్మా, కారు అమ్మేద్దాం. ఎక్కడికి పోవాలన్నా నాకు ఒక్క ఫోన్ కొట్టు, వచ్చేస్తా."

"నువ్వు వచ్చేసరికి పాలు పెరుగవుతాయి."

"నవ్వులాట కాదమ్మా. ఈ ఒంటిబండి రోడ్ల మీద ఎదురుగా ఎవడైనా వస్తే ఏం చేస్తావు? వెనక్కి తీయలేవుగా?"

"వాడే తీస్తాడు."

పక్కన టీ తాగుతున్న కేటీ ఆన్ కిసుక్కున నవ్వింది. ఆమె మార్సలి పెనిమిటికి అక్క. ఒక కంటికి పొర కమ్మింది, రెండో కంటికి కమ్ముతోంది. నోటికి మాత్రం ఏమీ కమ్మలేదు. "మొగుడి దగ్గరే వెనక్కి తగ్గలేదురా మీ అమ్మ. కారులో తగ్గుతుందా?"

మార్సలి నవ్వలేదు. కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. జూన్ వచ్చిందంటే ఆ రోడ్డు మీద ఇంటిబండ్లు వరస కడతాయి. వెనక సైకిళ్లు, పైన పడవలు, లోపల పొయ్యి, పడక. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి దీవి చుట్టి పోతారు. పోతూ పోతూ ఆమె గొర్రెలకు ఫొటోలు తీస్తారు. పెనిమిటి బతికున్నన్నాళ్లూ ప్రతి వేసవీ ఒక మాట అనేవాడు, ఈసారి నిన్ను దీవంతా తిప్పుతానే అని. పొయ్యిలోకి మట్టిపెళ్లలు కోసి ఎండబెట్టాక. గొర్రెల బొచ్చు కత్తిరించాక. గడ్డి కోశాక. గడ్డి కోసేసరికి వేసవి అయిపోయేది. అలా ఒక్కొక్క వేసవే అయిపోయి, చివరికి ఆయనే అయిపోయాడు.

"నేను దీవి చుట్టి వస్తా," అంది మార్సలి.

"ఏంటీ?"

"ఉత్తరం నుంచి దక్షిణం దాకా, పై సగం లూయిస్, కింది సగం హారిస్, మొత్తం. పడమటి ఒడ్డున పోయి తూర్పు రాళ్లలోంచి వస్తా. శనివారం చీకటి పడేలోపు ఇంట్లో ఉంటా. కారు మీద ఒక్క గీత పడిందా, తాళాలు నీవి. పడలేదా, నేను పోయేదాకా ఆ మాట నీ నోట రాకూడదు."

"చూడ్డానికేముందమ్మా? నువ్వు పుట్టిందే ఇక్కడ!"

"పుట్టాను. చూశానా?"

కేటీ ఆన్ గ్లాసు కింద పెట్టి, తన కోటు ఎక్కడుందో చూడమంది.

ఊళ్లో అనేవాళ్లు అన్నారు. పని చేసుకోవాల్సిన రోజుల్లో షికారేంటి, తన దీవిని తనే చూడ్డానికి పోయేదాన్ని ఎక్కడా చూడలేదు అన్నారు. అలా అన్న దుకాణం ఆమె ముందే మార్సలి పెట్రోలు ట్యాంకు నిండా పోయించుకుంది. బిస్కెట్లు కూడా కొంది.

గురువారం పొద్దున బయల్దేరారు. మార్సలి ఒక సూత్రం పెట్టుకుంది. కారును ఎక్కడ ఆపినా ముక్కు బయటికి ఉండేలా ఆపాలి. వెనక్కి తీసే పనే రాకూడదు. చోటు అలా లేకపోతే ఆపేదే కాదు. ఆ లెక్కన చూడాల్సినవి రెండు మూడు పోయాయి. పాతకాలం వాళ్లు పాతిన నిలువురాళ్ల దగ్గర కారు పెట్టే చోటు నిండా ఇంటిబండ్లే. రోడ్డు మీదే నెమ్మదిగా రెండుసార్లు అటూ ఇటూ పోయి చూశారు.

"ఎలా ఉన్నాయే?" అంది కేటీ ఆన్.

"రాళ్లు వదినా. నిలబడి ఉన్నాయి."

"మనలాగే."

పడమటి ఒడ్డున ఎండ కాసింది. ఇసుక అంత తెల్లగా ఉంటుందని మార్సలి వినడమే గానీ నమ్మలేదు. బూట్లు విప్పి నీళ్లలో దిగింది. ఆ నీళ్లకు ఎముక జివ్వుమంది, అయినా బయటికి రాలేదు. ఒడ్డున ఎవరో కుర్రది వచ్చి, మీరు ఏ దేశం నుంచి వచ్చారు అని కేటీ ఆన్‌ను అడిగింది. "బారవిక్ దేశం," అంది కేటీ ఆన్, "చాలా దూరం." రాత్రి పడకకు డబ్బు తీసుకునే ఇంట్లో దిగారు. సొంత దీవిలో నిద్రకు డబ్బేంటని కేటీ ఆన్ దుప్పటి కింద కూడా గొణుగుతూనే ఉంది. పొద్దున మాత్రం పందిమాంసం, గుడ్లు, నల్లసాసేజీ ఏమీ వదలకుండా తింది.

రోడ్డు వెచ్చగా ఉందని గొర్రెలు దాని మీదే పడుకునేవి. హారన్ కొడితే లేవవు. కేటీ ఆన్ కిటికీ దించి వాటి యజమానుల పేర్లు చెప్పి తిడితే లేచేవి.

శనివారం మధ్యాహ్నానికి తూర్పు ఒడ్డుకు చేరారు. అక్కడ నేల లేదు. రాయి, రాళ్ల సందుల్లో నీళ్లు, నీళ్ల పక్కన మళ్లీ రాయి. బంగాళదుంప వేయాలన్నా సముద్రపు నాచు మోసుకొచ్చి రాళ్ల మీద మట్టి చేసుకున్న మనుషులు అక్కడివాళ్లు. చచ్చినవాడిని పూడ్చే లోతు ఎక్కడా దొరకదు. అందుకని తాతల నాటి నుంచి శవాలను కొండ దాటించి పడమటి ఇసుకనేలకు తీసుకుపోతారు. రోడ్డు ఆ రాళ్లను చుట్టుకుంటూ, పైకీ కిందికీ పోతుంది. ఒక కారు పట్టే వెడల్పు. అక్కడక్కడ తెల్ల గుంజ పాతి, తప్పుకోవడానికి ఇంత చోటు. ఎవరి వెనక గుంజ దగ్గరగా ఉంటే వాళ్లు వెనక్కి పోవాలి. అది చట్టం కాదు, అంతకన్నా పెద్దది.

ఒక మలుపు దిగగానే ఎదురుగా ఇంటిబండి. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అదే. దాని వెనక కూతవేటులో తెల్ల గుంజ కనబడుతోంది. మార్సలి వెనక గుంజ ఎక్కడో పైన, రెండు మలుపుల అవతల. మధ్యలో ఒక పక్క బండరాయి, ఒక పక్క మడుగు.

మార్సలి ఇంజను ఆపేసింది. అల్లిక ఊలు తీసి ఒడిలో పెట్టుకుంది.

ఇంటిబండిలోంచి గడ్డం కుర్రాడు దిగి వచ్చాడు. మోకాళ్ల పైకి లాగు, చేతిలో టోపీ.

"మేడమ్, దయచేసి కొంచెం వెనక్కి…"

"నీ వెనకే ఉంది చోటు. తీసుకో."

"తీయలేను మేడమ్. వెనక మనుషులు నడిచి వస్తున్నారు. చాలామంది."

"నడిచేవాళ్లు పక్కకు తప్పుకుంటారు. బాబూ, నాకు మెడ లేదు. నీకు గడ్డం కింద బాగానే ఉంది."

కుర్రాడు ఏదో చెప్పబోయి, వెనక్కి చూసి, రెండు చేతులూ పైకెత్తాడు. మార్సలి సూదులు ఆడించింది. రేపు ఆదివారం, దేవుడి రోజు. అర్ధరాత్రి దాటితే ఆ దీవిలో చక్రం కదలకూడదు. అయినా లోపల తొందర బయటికి కనిపించనివ్వలేదు. ఇంటిబండ్లు వచ్చిన రోజు నుంచీ వెనక్కి పోయింది మేమే, వీడైనా ఒక్కసారి పోనీ అనుకుంది. అది సగం నిజం. వెనక్కి తీయడమంటే భయమన్నది మిగతా సగం.

"మార్సలీ," అంది కేటీ ఆన్. గొంతులో వెటకారం లేదు. "ఆ బండి పక్కనుంచి చూడు. నాకు నల్లగా ఏదో కనిపిస్తోంది. నాకే కనిపిస్తోందంటే పెద్దదే."

మార్సలి సూదులు ఆగాయి.

ఇంటిబండికీ బండరాయికీ మధ్య సందులోంచి కనిపించారు. నల్ల కోట్లు, రెండు వరసలు. పాట లేదు, మాట లేదు. మధ్యలో మోత కర్రల మీద శవపేటిక. మోసేవాళ్లలో ఒక జత పక్కకు తప్పుకుంటే, ముందు వరసల్లోంచి ఇంకో జత వచ్చి కర్రలు అందుకుంటోంది. ఎవరూ ఆగట్లేదు. ఊరి చివర దాకా చేతుల మీదే మోస్తారు. ఇల్లు కదిలిన శవాన్ని వెనక్కి తిప్పరు, దారిలో దించరు. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. శవం ముందు బండి నడుపుతూ, వెనక్కి పోలేక, ముందుకు రాలేక నిలిచిపోయాడు.

ఇంట్లో ఉండి ఉంటే దుకాణం కిటికీలో అంటించిన చావు కబురు చూసేది. మూడు రోజులుగా ఇసుకలు చూస్తూ తిరిగింది. ఇప్పుడు శవానికి అడ్డంగా కారు పెట్టుకుని మేజోడు అల్లుతోంది.

"వాళ్లను నిలబెట్టకే," అంది కేటీ ఆన్ మెల్లగా.

మార్సలి ఊలు వెనక సీట్లోకి విసిరింది. ఇంజను స్టార్ట్ చేసింది. రివర్స్ గేరు వేసింది. తల తిప్పబోతే మెడ మధ్యలోనే పట్టేసింది.

"వదినా, వెనక్కి చూడు. ఏం కనిపిస్తోంది?"

"కొండ."

"ఏ పక్క?"

"అన్ని పక్కలా."

చెమట పట్టింది. ఎదురుగా ఇంటిబండి ముందద్దం వెనక ఆ కుర్రాడి పెళ్లాం ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. దాని వెనక నల్ల వరస దగ్గరికొస్తోంది. అప్పుడు, మెడ తిప్పే ప్రయత్నం మానేసి ముందుకే చూస్తూ కూర్చుంటే, ఆమెకు తండ్రి పడవ గుర్తొచ్చింది.

పడవలో తెడ్డు వేసే మనిషి పోయే వైపు చూడడు. పోయే వైపుకు వీపు పెట్టి కూర్చుంటాడు. పెళ్లి కాకముందు రొయ్యలు పట్టే బుట్టలు తీయడానికి పోయిన రోజుల్లో తెడ్లు ఆమెవే. వదిలివచ్చిన ఒడ్డు మీద రెండు గుర్తులు పట్టుకోవాలి, చర్చి కొస ఒకటి, దాని వెనక కొండ పగులు ఒకటి. రెండూ ఒక్క గీటు మీద ఉన్నంతసేపు పడవ తిన్నగా పోతున్నట్టు. ముందుది పక్కకు జారిందా, తెడ్డు సరిచేయాలి. వీపుకు కళ్లు అక్కర్లేదు.

మార్సలి రెండు గుర్తులు పట్టుకుంది. రోడ్డంచున పగిలిన బండ, దాని వెనక కరెంటు స్తంభం. క్లచ్ మెల్లగా వదిలింది. కారు వెనక్కి, పైకి పాకింది. బండ స్తంభాన్ని వదిలి పక్కకు జారింది, స్టీరింగు ఇంత తిప్పింది, మళ్లీ కలిశాయి. మలుపు దగ్గర ఆ గుర్తులు వదిలేసి కొత్తవి పట్టింది, ఒక కంచె గుంజ, అవతల ఒక గొర్రె.

"గొర్రెను నమ్ముకున్నావేంటే!" అంది కేటీ ఆన్, ఆమె ఏం చేస్తోందో కనిపెట్టి.

"పడుకుని ఉందిలే."

మడుగు పక్కన చక్రం కింద గులకరాళ్లు జారి నీళ్లలో పడ్డాయి. మార్సలి పళ్లు బిగించింది గానీ కాలు తీయలేదు. ఇంటిబండి ఆమె ముక్కుకు ముక్కు ఆనించినట్టు పైకి వస్తోంది. దాని వెనక వాళ్ల నడక తగ్గలేదు, పెరగలేదు. రెండో మలుపు తిరిగింది. పక్క అద్దంలో తెల్ల గుంజ కనిపించింది. ఆ చోటు ఇరుకు, లోపలి వైపు రాయి పొడుచుకొచ్చి ఉంది. రాయికి దూరంగా ఆగితే కారు ముక్కు రోడ్డు మీదే ఉంటుంది. ఇంటిబండి ఎలాగో దూరిపోతుందేమో గానీ, రెండు వరసల మనుషులు పట్టరు.

రాయికి ఎంత దగ్గరో ఆమెకు తెలుసు. దాని మీదకే తీసింది.

కిర్రుమని మొదలైన చప్పుడు తలుపు పొడవునా సాగింది.

"పోయింది," అంది కేటీ ఆన్. "తాళాలు పోయాయి."

"ఇటు నుంచి దిగు వదినా. లేచి నిలబడు."

ఇంటిబండి పక్కనుంచి దాటింది. కుర్రాడు చెయ్యి ఊపబోయి ఊపలేదు, టోపీ తీశాడు. ఆడవాళ్లిద్దరూ కారు పక్కన తల వంచి నిలబడ్డారు. ఆ దీవిలో ఆడవాళ్లు శ్మశానానికి పోరు. ఇంటి వాకిట్లోంచే పంపేస్తారు. వాకిలి కాని చోట, కొండ మీద, ఎండలో, శవపేటిక వాళ్లకు చేయి చాపితే అందేంత దగ్గరగా పోయింది. ముందు నడుస్తున్న తెల్లజుట్టు పెద్దాయన తల తిప్పలేదు. కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం అతని కన్ను అవతలి తలుపును ఒరుసుకున్న రాయి వెంట చివరిదాకా పోయి, మార్సలి ముఖం మీద ఆగి, ముందుకు పోయింది.

చిట్టచివర నడుస్తున్న ముసలాయన ఆగకుండానే చెప్పాడు, పోయింది నేతగాడు రూరీ అని.

"నా కోటు వాడు నేసిందే," అంది కేటీ ఆన్ వాళ్లు దాటాక. కోటు అంచు పట్టుకుని చూసుకుంది. "ఇంకా చిరగలేదు."

బారవిక్ చేరేసరికి పొద్దు వాలుతోంది గానీ వెలుగు పోలేదు. టోర్మోద్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కారు చుట్టూ తిరిగాడు. తలుపు మీద వేలు పెట్టి గీత ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశాడు.

"గీత పడింది."

"పడింది. ఆ రాయికి కూడా పడింది, కావాలంటే పోయి చూసుకో."

"దక్షిణం నుంచి ఫోన్లు వచ్చాయమ్మా." అతను ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నాలుగు ఇళ్ల నుంచి. కొండ మీదకి రెండు మలుపులు వెనక్కి తీశావట."

"ఫోన్లలో గీత సంగతి చెప్పలేదా?"

"చెప్పలేదు."

మార్సలి లోపలికి పోయి తాళాలు బల్ల మీద పెట్టింది. దిండు కింద పెట్టే తాళాలు, టీ కెటిల్ పక్కన.

"పందెం పందెమే. ఒక్క గీత పడినా నీవన్నాను. తీసుకో. అర్ధరాత్రి దాటితే ఆదివారం, ఇంట్లో బేరాలుండవు. సోమవారం పొద్దుటికి ఇవి ఇక్కడే ఉన్నాయంటే నావి."

టోర్మోద్ తాళాల వైపు చూశాడు. కేటీ ఆన్ వైపు చూశాడు. ఆమె రెండు కళ్లూ కనపడనట్టు టీ పోసుకుంటోంది. టోపీ పెట్టుకున్నాడు.

"సోమవారం రంగు తెస్తాలే. వేయించేద్దాం."

"రంగు తెచ్చావంటే ఆ డబ్బా నీ నెత్తి మీద పోస్తా," అంది మార్సలి. "ఆ గీత అలాగే ఉండనీ."

ఆదివారమంతా తాళాలు బల్ల మీదే ఉన్నాయి. చర్చికి అందరూ నడిచే పోయారు. సోమవారం పొద్దున టోర్మోద్ గొర్రెలను తోలుకుంటూ అటు వచ్చేసరికి కారు ఇంటి ముందు నుంచి వెనక్కి వస్తోంది. స్టీరింగు వెనక తల్లి, పక్కన రూరీ నేసిన కోటు తొడుక్కుని మేనత్త. ఇద్దరూ ఇంటి గోడనే చూస్తున్నారు, ఎవరూ మెడ తిప్పలేదు. కారు రాతి స్తంభాన్ని రాసుకోకుండా గేటు దాటి, రోడ్డెక్కి, ముక్కు దక్షిణానికి తిప్పుకుంది.

టోర్మోద్ గొర్రెలను పక్కకు తోలి దారిచ్చాడు.