జల్లెడ గదిలో హారతి

ఆయుధ పూజ నాడు కైలాసం పొద్దున్నే స్నానం చేసి, కరీంనగర్ శివారులోని తన షెడ్డుకు వచ్చి మెయిన్ స్విచ్ దించాడు. పూజ రోజు యంత్రాలు తిరగకూడదన్నది అతని తండ్రి మరమగ్గాలకు పెట్టిన నియమం. మగ్గాలు పోయాయి, నియమం మిగిలింది.

ఇప్పుడు ఆ షెడ్డులో తయారయ్యేది అల్యూమినియం పొడి. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లుల్లో మూలపడ్డ అల్యూమినియం సామాన్లు తెచ్చి, కరిగించి, పిండికన్నా మెత్తగా చేస్తారు. త్రీడీ ప్రింటింగ్ వాళ్లు దాన్ని పొర మీద పొర కరిగించి యంత్ర భాగాలు చేసుకుంటారు. వాళ్ల దగ్గర మిగిలిన పొడి మళ్లీ ఇక్కడికే జల్లెడకు వస్తుంది. భూమిని కొత్తగా తవ్వకుండా ఉన్నదాన్నే వాడుకోవడం పుణ్యమని కైలాసం నమ్మకం. కానీ ఆ పొడి గాలిలోకి లేచినప్పుడు నిప్పు తగిలితే గది గదంతా పేలిపోతుంది. అందుకే హారతి గేటు దగ్గరే ఇవ్వాలని ఇంట్లోనే చెప్పాడు. పుట్టింట్లో తన అవ్వ పిండి జల్లెడ పక్కనే దీపం పెట్టేదని భార్య బాలలక్ష్మి నవ్వింది.

అతను గేటుకు బొట్లు పెడుతుండగా, షెడ్డులో పనిచేసే సంపత్ లోపలి నుంచి వచ్చాడు. భుజాల నిండా బూడిద రంగు పొడి. జల్లెడ మూత తీసి, పైగొట్టాలన్నీ గుడ్డతో దులిపి దండ వేశానన్నాడు.

దుమ్ము లాగే ఫ్యాన్‌ను పొద్దున మెయిన్ స్విచ్‌తో పాటు తానే ఆపిన సంగతి కైలాసానికి అప్పుడు తట్టింది.

"మీ వదినేది?"

"గిప్పుడే నీ ఎనుక నుంచే హారతి పట్టుకొని లోపలికి పోయింది. గేటు కాడ ఇస్తే లోపలున్న అంజన్న పటానికి అందదట."

కైలాసం జల్లెడ గది గుమ్మం దాకా ఉరికి ఆగిపోయాడు. అడుగుల గాలికే పొడి లేస్తుంది. కిటికీ వెలుతురులో సన్నటి పొడి మెరుస్తూ వేలాడుతోంది. దానికి కొంచెం ఇవతల బాలలక్ష్మి, చేతి పళ్లెంలో కర్పూరం మండుతోంది.

"లక్ష్మీ, గాడనే నిలబడు. ఊదకు. కొంగు కదలనియ్యకు."

ఆ గొంతుకే ఆమె బిగుసుకుపోయింది. గాజులు సన్నగా మోగాయి. మంట ఒకపక్కకు వాలింది.

"నడుమల ఆర్పుతే ఇంటికి మంచిది కాదయ్యా."

అతనూ ఏనాడూ ఆర్పలేదు. మెల్లగా అడుగులు వేస్తూ ఆమె పక్కకు వచ్చాడు. రోజూ కళ్లకద్దుకోవడానికి చాచినట్టే అరచెయ్యి మంట మీదికి చాచాడు. ఈసారి వెనక్కి తీసుకోలేదు. కర్పూరం మీద అదిమి పెట్టాడు. చర్మం కమిలిన వాసన వచ్చింది. మంట పోయింది. ఇద్దరూ పళ్లెం పట్టుకొని వెనకడుగులతో బయటికి వచ్చారు.

ఫ్యాన్ వేద్దామని సంపత్ స్విచ్ మీద చెయ్యి వేయబోతే కైలాసం ఆపాడు. నిప్పురవ్వ లేస్తుంది, ముందు దుమ్ము దిగాలన్నాడు.

బాలలక్ష్మి అతని చేతి మీద నీళ్లు పోసింది. "స్వామి ఏమనుకుంటడో."

అతనికీ తెలియదు. ఇట్లాంటి ఫ్యాన్ ఉంటే తన తండ్రి పూజ నాడు దాన్ని ఆపేవాడా అని మాత్రం స్వామిని అడగాలనిపించింది.

ఆమె పళ్లెంలో కొత్త కర్పూరం పెట్టింది. వెలిగించలేదు. గేటు బయట నిలబడి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.