చెప్పుల దగ్గర కూర్చున్న పిల్ల

నేను ఒక ఇత్తడి ఈలను. ఒక పిల్ల పరుగు ఆగిపోవడంలో నాకూ వాటా ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. అయినా చెబుతున్నాను.

రేకును అచ్చులో నొక్కి, అతికించి, పొట్టలో ఒక బెండు గింజ వేశారు. గింజ కదిలితేనే నాకు గొంతు. కదలనిది పలకదని నాకు పుట్టుకతోనే తెలుసు. మనుషులకు అది తెలియాలంటే కమిటీ కావాలి.

నన్ను కొన్నది సత్యవేణి టీచర్. తాండవ ఏటి ఒడ్డున ఉన్న బడిలో ఆటల టీచర్. ముప్పై ఏళ్లు ఆవిడ మెడలో వేలాడాను. నేను కూస్తే ఆడపిల్లలంతా చెప్పులు వేపచెట్టు కింద వదిలేసి ఖోఖోకి ఉరికేవాళ్లు. కుక్కలు ఎత్తుకుపోకుండా ఆ చెప్పులకు ఒకరు కాపలా ఉండాలి. అది ఆ బడి ఆనవాయితీ. ఆ ఒకరు నూకరత్నం.

బొద్దుగా ఉండేది. మొదటిరోజే కాళ్లు తడబడి పడింది. పిల్లలు నవ్వారు.

"నువ్వు కూర్చో తల్లీ. ఇదిగో, ఈల నీకే. టైమవగానే ఊదు" అని టీచర్ నన్ను తీసి దాని మెడలో వేసింది.

అది దయే. ఆ దయ ప్రతి ఆటల పీరియడ్‌లోనూ ఐదేళ్లు సాగింది. అందరూ పరిగెడుతుంటే కూర్చున్నచోటే ఆ పిల్ల పాదాలు మట్టిలో కదలడం నేను చూశాను. టీచర్ జిల్లా పోటీల కప్పుల వైపు చూసింది.

రిటైరయ్యాక టీచర్‌కు ఢిల్లీలో ఒక కమిటీ నుంచి పిలుపొచ్చింది. చదువులాగే ఒంటికీ అక్షరాస్యత ఉంటుందట. పరిగెత్తడం, దూకడం, పడి లేవడం. ఆ అక్షరాస్యత అంటే ఏమిటో దేశమంతా ఒకే మాట అనుకోవాలట. ఒకాయన పతకాలన్నాడు. ఒకావిడ ఆసనాలంది. ఇంకొకాయన బరువూ ఎత్తూ కొలిస్తే చాలన్నాడు. రెండు రోజులకూ తేలక, అందరూ తమ తమ ఊళ్లకెళ్లి పాత విద్యార్థిని ఒకరిని అడిగి రమ్మన్నారు.

కప్పులు తెచ్చిన పిల్లలెవరూ ఊళ్లో లేరు. అరుగు మీద మిషన్ కుట్టుకుంటూ నూకరత్నం ఉంది.

"రండి టీచర్. కప్పులోళ్లు దొరకలేదేటి?" అని నవ్వింది.

"నువ్వే చెప్పవే. బడి నీ ఒంటికి ఏం నేర్పింది?"

మిషన్ ఆగింది.

"ఈల ఊదడం వచ్చండి." దారం తెంపింది. "పోయినేడు మా పాప హంసిని బంతి వెనకాల రోడ్డు మీదికి పోయింది. ఆటో వస్తంది. పదడుగులు టీచర్, పదే. నాకు కాలు లేవలేదు. చెయ్యి మాత్రం మెడ తడిమింది. ఈల కోసం."

లోపల్నుంచి పాప వచ్చింది, కుడికాలు ఈడ్చుకుంటూ. చేతిసంచిలో ఉన్న నా మీద టీచర్ వేళ్లు బిగుసుకున్నాయి. బయటికి తీయలేదు.

మళ్లీ ఢిల్లీలో ఆవిడ రెండు వాక్యాలు రాసిచ్చింది. 'ప్రతి బిడ్డా కదలాలి. కదలలేని బిడ్డ దగ్గరే మొదలుపెట్టాలి.'

"ప్రతి బిడ్డా అంటే కష్టం మేడమ్" అన్నాడు ఒక అధికారి. "ఆసక్తి ఉన్న ప్రతి బిడ్డా అందాం."

"ఒక పిల్లకి ఆసక్తి లేదని నేనే తేల్చేశాను బాబూ. దాన్ని అడగలేదు. ఆ మాట వద్దు."

రోజంతా వాదించింది. ఆవిడే గెలిచింది. ఆ వాక్యాలు అచ్చయి అన్ని బళ్లకూ వెళ్లాయి. ఆ ఏడే టీచర్ పోయింది.

ఇప్పుడు నేను బడి అద్దాల బీరువాలో, కప్పుల పక్కన ఉన్నాను. గింజ ఎండి అంటుకుపోయింది. నా పైన గోడకు టీచర్ వాక్యాలు, పటం కట్టి. కిటికీలోంచి మైదానం కనిపిస్తుంది. కొత్త మాస్టారు మంచివాడు. పిల్లలు ఉరుకుతున్నారు. వేపచెట్టు కింద, చెప్పుల మధ్య, కుడికాలు చాపుకుని హంసిని కూర్చుంది. మెడలో ప్లాస్టిక్ ఈల.

పటంలో ఏం రాసి ఉందో చదవాలంటే అది లేచి ఇక్కడిదాకా రావాలి. పీరియడ్ అయ్యేదాకా లేవద్దని చెప్పారు.